హట్ వ్యాలీలో రూతు వేసిన బంతి

న్యూజిలాండ్ వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి, కనిపించినవాళ్ళందరూ గొర్రెల గురించే అడుగుతున్నారు. అక్కడ మనుషులకంటే గొర్రెలే ఎక్కువటగా అంటున్నారు. చూశాను. కారులో వెళ్తుంటే పచ్చటి కొండల మీద ఎవరో మరమరాలు ఒలకబోసినట్టు కనిపించాయి. మంచు కప్పుకున్న కొండను చూశాను. అవతలి ఒడ్డు కనిపించని సరస్సును చూశాను. అడిగినవాళ్ళకు ఇవన్నీ ఓపిగ్గా చెబుతున్నాను. కానీ నేను అంత దూరం వెళ్ళింది వీటి కోసం కాదు. ఒక సాఫ్ట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్ళాను.

నిజామాబాద్ జిల్లాలో ఆడపిల్లల హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట. బంతి కొంచెం పెద్దది. బంతి వేసే అమ్మాయిని పిచ్చర్ అంటారు. చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి, తొడ పక్క నుంచి విసురుతుంది. బ్యాట్ పట్టుకున్న అమ్మాయి వెనకాల, ముఖానికి జాలీ, ఛాతీకి కవచం కట్టుకుని గొంతుకూర్చుని బంతిని పట్టే అమ్మాయి క్యాచర్. ఆటంతా ఈ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

నా దగ్గర ఎనిమిదో తరగతి నుంచి అట్లాంటి జంట ఒకటి ఉండేది. రూతు పిచ్చర్. మౌనిక క్యాచర్. మౌనిక నా కూతురు, ఒక్కతే కూతురు. రూతు చేతిలో ఒక బంతి ఉండేది. నడుము ఎత్తులో తిన్నగా వస్తున్నట్టే వచ్చి, బ్యాట్ దగ్గరికి రాగానే ఎవరో కిందికి లాగినట్టు నేలలోకి దిగిపోయేది. డ్రాప్ బాల్ అంటారు. కొట్టడం కష్టం, పట్టడం అంతకంటే కష్టం. రాష్ట్ర జట్టుకు ఆడినప్పుడు కూడా ఆ బంతిని పట్టగలిగింది మౌనిక ఒక్కతే. బంతి కంటే ముందు తన మోకాళ్ళు నేలకు తగిలేవి.

రూతు నర్సింగ్ చదివి ఆక్లాండ్ వెళ్ళింది. మౌనిక నాలాగే పీఈటీ అయింది. రెండేళ్ళ కిందట, ముసురు పట్టిన రోజుల్లో డెంగ్యూ వచ్చి, వారం తిరక్కుండానే పోయింది. ఇరవై ఏడేళ్ళు.

రూతు అక్కడ కూడా ఆట మానలేదు. ఈసారి తన క్లబ్బు దేశం మొత్తానికి జరిగే ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్‌కు చేరేలా ఉందని ఫోన్ చేసింది. "మీరు రావాలె మేడం. మౌనిక ఉంటే అది వస్తుండె" అంది. మా ఆయన రానన్నారు. అమ్మాయి పోయినప్పటి నుంచి ఆయన దాని పేరు ఎత్తలేదు. నేను సెలవు పెట్టి బయలుదేరాను. రూతు బంతి వేస్తుంటే చూస్తే, అవతలి కొసన నా బిడ్డ ఒక్క క్షణం కనిపిస్తుందేమోనని ఆశ. ఇంత చదువుకుని, ఇంత వయసొచ్చి అట్లాంటి ఆశేమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను.

ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు

సూట్‌కేసులో మౌనిక ఆట బూట్లు పెట్టుకున్నాను. రూతుది, దానిది ఒకటే సైజు. ఫైనల్లో రూతు వేసుకుంటుందని తీసుకెళ్ళాను. మౌనిక చివరిసారి గ్రౌండ్ నుంచి వచ్చి విప్పిన బూట్లవి. అడుగున మేకుల మధ్య మా బడి గ్రౌండ్‌లోని ఎర్రమట్టి గట్టిపడి ఉంది. దాన్ని నేను దులపలేదు. రెండేళ్ళు పేపర్‌లో చుట్టి బీరువాలో ఉంచాను.

న్యూజిలాండ్ వాళ్ళు తమ నేలను చంటిపిల్లలా కాపాడుకుంటారు. బయటి దేశపు మట్టి, విత్తనం, పురుగు రానివ్వరు. మట్టి అంటిన బూట్లుంటే దాచకుండా చెప్పమని రూతు భర్త సుధీర్ ముందే హెచ్చరించాడు. చెప్పాను. చేతులకు గ్లవ్స్ వేసుకున్న ఒక అమ్మాయి బూట్లను తిప్పి చూసి, "సాఫ్ట్‌బాలా? మా అక్క కూడా ఆడేది" అని నవ్వి, వాటిని లోపలికి తీసుకెళ్ళింది.

ఎందుకు తీసుకెళ్తోందో నాకు అప్పుడు తట్టలేదు. తనిఖీకి అనుకున్నాను. కాసేపటికి పారదర్శకమైన సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చింది. తడితడిగా, తళతళలాడుతున్నాయి. మేకుల సందుల్లో కూడా బ్రష్ పెట్టి కడిగినట్టున్నారు. ఒక్క రేణువు లేదు.

"ఇదిగోండి, కొత్తవాటిలా ఉన్నాయి" అంది ఆ అమ్మాయి సంతోషంగా.

థాంక్యూ అన్నాను. తన పని తను శ్రద్ధగా చేసింది. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. బయట రూతు పరుగెత్తుకొచ్చి పట్టుకునేసరికి ఇంకా ఆ తడి సంచి నా చేతిలోనే ఉంది.

మౌంట్ ఆల్బర్ట్

రూతు వాళ్ళది మౌంట్ ఆల్బర్ట్‌లో చెక్క ఇల్లు. అద్దెకుంటున్నారు. అక్కడ ఇళ్ళన్నీ దాదాపు చెక్కవే. నడిస్తే నేల చప్పుడు చేస్తుంది. అది వాళ్ళకు ఎండాకాలమే అయినా సాయంత్రానికి నాకు స్వెట్టర్ కావాల్సి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విప్పడం మనలాగే అక్కడి మావోరీ వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఉందట. మరి కొందరు అసలు చెప్పులే లేకుండా సూపర్‌మార్కెట్‌లో తిరుగుతున్నారు. సూటు వేసుకున్న ఒకాయన వట్టి కాళ్ళతో పాల ప్యాకెట్ల దగ్గర నిలబడి ఉంటే, పాపం ఈయనకేం కష్టమొచ్చిందోనని చూశాను. ఏమీ లేదు, బీచ్ నుంచి వస్తున్నాడట, హాయిగా ఉన్నాడు.

మొదటి రోజు పొద్దున "మేడం గారూ, పెరుగు కావాలంటే మూల మీద డెయిరీ ఉందండీ" అన్నాడు సుధీర్. అతనిది ఏలూరు. డెయిరీ అంటే పాల కేంద్రమనుకుని స్టీలు గిన్నె పట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే అది కిరాణా కొట్టు. చాక్లెట్లు, లాటరీ టికెట్లు, ఐస్‌క్రీములు. కొట్టాయన గుజరాతీ. నా గిన్నెను చూసి, "ఆంటీ, మా అమ్మ కూడా వచ్చిన కొత్తలో ఇట్లనే వచ్చింది" అని హిందీలో అని, డబ్బా పెరుగు ఇచ్చాడు. ఇంకో షాపులో కొత్తిమీర చిన్న కట్ట నాలుగు డాలర్లు చెబితే కింద పెట్టేశాను.

ఆ రోజే రూతుకు బూట్లు ఇచ్చాను. సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత వేసుకోబోయింది. మడమ దిగలేదు. వేళ్ళు ముడిచి, తాడు మొత్తం వదులు చేసి మళ్ళీ ప్రయత్నించింది. దిగలేదు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో తన ఉద్యోగం. ఒక్కో షిఫ్టు పన్నెండు గంటలు.

"నిలబడి నిలబడి పాదాలు వెడల్పయినయ్ మేడం" అంది తల ఎత్తకుండా. "నాకు పడ్తలెవ్వు."

"పోనీ తియ్ బిడ్డా" అన్నాను.

ఆదివారం వాళ్ళ చర్చిలోని తెలుగు సంఘం వాళ్ళు నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చారు. అందరూ నర్సులో, కేర్ పనివాళ్ళో. లేత గొర్రె మాంసం కూర, పప్పుచారు, సీసాలోంచి తీసిన గోంగూర పచ్చడి. పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ ఆడుకుంటున్నారు. తెలుగులో పిలిస్తే అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. తినేముందు పెద్దాయన ఒకరు ప్రార్థన చేస్తూ, "ఈ తల్లిని ఆదరించు ప్రభువా, ఆమె కన్నీటిని తుడువు" అన్నారు. నాది ఆ మతం కాదు. అయినా చేతులు జోడించాను. ఎవరు ఆదరించినా వద్దనే స్థితిలో లేను. కళ్ళు తెరిచేసరికి మాత్రం అంతా ఎప్పటిలాగే ఉంది. కూర చల్లారిపోయింది.

ఆల్బనీ

రూతు జట్టు ప్రాక్టీసు ఆల్బనీ వైపు ఒక గ్రౌండ్‌లో. సిటీ సెంటర్‌లో బస్సు మారాలి. అక్కడ బస్టాపులో ఇద్దరు తెలుగు అమ్మాయిలు, వీపున బ్యాగులతో, "నాకు ఈ వీక్ షిఫ్ట్‌లే ఇవ్వలేదే, ఫ్లాట్ రెంట్ ఎట్లనే" అని మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్ళవైపే చూస్తున్నానని గమనించి, "తెలుగా ఆంటీ? ఎవరింటికొచ్చిండ్రు?" అని అడిగింది ఒకమ్మాయి. మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి అని చెప్పాను. మీ అమ్మాయి ఎక్కడుంటుందని అడగబోయింది, ఇంతలో బస్సొచ్చింది. ఆ బస్సులకు హార్బర్ దాటాక వేరే దారి ఉంది. కార్లన్నీ ఆగిపోయి ఉంటే బస్సు మాత్రం పక్కనుంచి దర్జాగా పోతుంది.

గ్రౌండ్‌లో మేరెను చూశాను. రూతుకు ఇప్పటి క్యాచర్. మావోరీ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి, చిన్నపిల్లల బడిలో టీచరు. భారీ మనిషి, పెద్ద నవ్వు. నా చెయ్యి పట్టుకుని తన నుదురు, ముక్కు నా నుదుటికీ ముక్కుకూ ఆనించి ఒక క్షణం అట్లాగే ఉంది. ఒకరి ఊపిరి ఒకరు పంచుకోవడం వాళ్ళ పలకరింపు. "మీ మౌనిక గురించి రూత్ చాలా చెప్పింది" అంది మెల్లగా. ఆ పేరు అక్కడి గాలిలో, ఆ యాసలో వినడం ఎట్లానో ఉంది.

నేను వల వెనక కూర్చుని చూశాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. రూతు నాకు తెలిసిన రూతు కాదు. భుజం బలపడింది, అడుగు పెద్దదైంది. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడుకు పక్కన పార్కులో కుక్క ఒకటి మొరుగుతోంది. కానీ డ్రాప్ బాల్ ఒక్కటి కూడా వేయలేదు.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో అడిగాను. "డ్రాప్ ఎందుకు వేస్తలేవే?"

"మేరెకు మోకాలి ఆపరేషన్ అయింది మేడం. కిందికి దిగలేదు. రెండుసార్లు వేస్తే రెండుసార్లు ఎనుకకు పోయింది. అప్పటిసంది బంద్ చేసిన." కిటికీలోంచి చూస్తూ అంది. "కానీ మీరొచ్చిండ్రు కదా. ఫైనల్ల ఒక్కటన్న వేద్దామా అనిపిస్తుంది."

"వద్దు" అన్నాను. "క్యాచర్ పట్టలేని బంతి వేయొద్దు. నీకు నేను మొదటిరోజే చెప్పిన కదా."

చెప్పాల్సింది అదే, చెప్పాను. లోపల మాత్రం ఆ బంతిని ఇంకొక్కసారి చూడాలని ఎంత కొట్టుకున్నదో నాకు తెలుసు.

టౌపో

ఫైనల్ దక్షిణాన, వెల్లింగ్టన్ పక్కనున్న హట్ వ్యాలీలో. జట్టు వ్యాన్‌లో పోయింది. మేం ముగ్గురం సుధీర్ కారులో బయలుదేరాం. దారి పొడుగునా పచ్చిక, కంచెలు, ఆ గొర్రెలు. ఊరు వచ్చినట్టే వచ్చి అయిపోతుంది. ఒక చోట లోపల కూరగాయలు కూరి కాల్చిన, పై అని పిలిచే వేడివేడి పిండివంట కొనుక్కుని, మన సమోసా అనుకుని గట్టిగా కొరికాను. లోపలి గుజ్జు నిప్పు. రెండు రోజులు నాలుక మొద్దుబారింది.

టౌపోలో సరస్సు ఒడ్డున చిన్న మోటెల్‌లో దిగాం. ఆ దేశంలో ఒక మంచి అలవాటుంది. గది తాళంతో పాటు చిన్న పాల సీసా చేతికిస్తారు, టీ పెట్టుకోవడానికి. మన ఇంటికి చుట్టమొస్తే మంచినీళ్ళిచ్చినట్టు. ఆ మోటెల్ నడిపే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. ముఖమంతా గోధుమరంగు మచ్చలు, కుచ్చుల టోపీ. పొద్దు ఇంకా చాలా ఉంది. నన్ను, రూతును సరస్సువైపు బల్ల మీద కూర్చోబెట్టి, తన తోటలోని రేగుపళ్ళలాంటి నల్లపండ్లు గిన్నెలో తెచ్చి పెట్టింది. ఎందుకొచ్చామని అడిగితే సాఫ్ట్‌బాల్ ఫైనల్ అని చెప్పాను.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు రెండేళ్ళుగా నేను రకరకాల జవాబులు చెప్పి చూశాను. ఉండేది అంటే ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుంది. లేరు అంటే నా నోరు కాలుతుంది. ఆ ఒడ్డున, నన్ను ఇక ఎప్పుడూ చూడని మనిషి దగ్గర, "ఒక అమ్మాయి. క్యాచర్" అన్నాను.

"అయ్యో, ఎంత బాగుందో! రేపు ఆడుతోందా?"

తల ఊపాను. అవునన్నట్టే ఊపాను.

"మీకు ఎంత గర్వంగా ఉంటుందో" అని ఆవిడ నా చేతిని తట్టి లోపలికి వెళ్ళింది. రూతు నా పక్కనే ఉంది. అంతా విన్నది. ఒక పండు తీసుకుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది, బంతి పట్టు చూసుకుంటున్నట్టు.

హట్ వ్యాలీ

మర్నాడు ఎడారి దారి అని పిలిచే రోడ్డు మీదుగా, మంచు కొండ పక్కనుంచి దిగి హట్ వ్యాలీ చేరాం. ఆ మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్.

మన దగ్గర ఫైనల్ అంటే షామియానా, మైకు, ముఖ్య అతిథి రాక కోసం రెండు గంటలు ఎండలో పిల్లలు. ఇక్కడ అవేవీ లేవు. జనం మడత కుర్చీలు, దుప్పట్లు తెచ్చుకుని గడ్డి మీద కూర్చున్నారు. ఒక మూల ఇనప పెనం మీద సాసేజ్‌లు కాల్చి, ఉల్లిపాయలతో బ్రెడ్‌లో చుట్టి ఇస్తున్నారు, మూడు డాలర్లు. దక్షిణపు గాలి ఈడ్చి కొడుతోంది. నా గొడుగు ఒక్క ఊపులో తిరగబడి, చువ్వలు విరిగి చేతిలో మిగిలింది. మేరె వాళ్ళమ్మ వచ్చి తన దుప్పటి సగం నా మీద కప్పింది.

మొదటి ఇన్నింగ్స్‌లోనే తెలిసిపోయింది, ఈ రోజు రూతు చేతికి ఎదురులేదని. నలభై మూడడుగుల దూరం నుంచి వస్తున్న బంతి బ్యాట్ దగ్గర పైకి లేస్తోంది. అవతలి జట్టు అమ్మాయిలు పొడుగరులు, దేశానికి ఆడినవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు గాలిని కొట్టి, తల అడ్డంగా ఊపుకుంటూ వెనక్కి పోతున్నారు. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి గడ్డి మీద మాటలు ఆగిపోయాయి. ఐదో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు మనుషులే రూతుకు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో ఎంతోమంది పిచ్చర్లను చూశాను. ఇంత మంచి ఆట నేను చూడలేదు.

అయినా మన జట్టుకూ పరుగు రాలేదు. అవతలి పిచ్చర్ కూడా తక్కువదేం కాదు. ఆరు ఇన్నింగ్స్ సున్నా సున్నా. ఏడే ఆఖరుది. అందులో మేరె కొట్టిన పెద్ద షాట్‌ను కంచె దగ్గర ఎగిరి పట్టేశారు.

నేను చూడటానికి వచ్చింది చూస్తున్నానా? ప్రతి బంతికీ నా కళ్ళు రూతు చేతి నుంచి బయలుదేరి బంతి వెంటే వెళ్ళి అక్కడ, ఆ జాలీ వెనక వెతికాయి. ప్రతిసారీ మేరె ఉంది. కవచం అదే, జాలీ అదే, కూర్చునే తీరు కూడా కొంచెం అట్లాగే. ఒక్కసారి, ఒక్కసారన్నా కళ్ళు మోసపోతాయేమోనని చూశాను. మోసపోలేదు. అక్కడ మేరె కాక ఇంకెవరూ లేరు.

ఏడో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు బ్యాటింగ్. ఒక అమ్మాయి బ్యాట్ అంచుకు తగిలిన బంతి గడ్డిలో ఆగిపోతే, బేస్‌లనే నాలుగు మూలల్లో మొదటిదానికి చేరింది. తర్వాత ఇద్దరు తాము ఔటవుతూ ఆమెను ముందుకు జరిపారు. మూడో మూలలో నిలబడి ఉంది. అక్కడి నుంచి బ్యాటర్ నిలబడే హోమ్‌కు చేరితే పరుగు, ఛాంపియన్‌షిప్ వాళ్ళది. ఇంకొక్కరు ఔటైతే ఆట అదనపు ఇన్నింగ్స్‌కు పోతుంది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. మూడుసార్లు కొట్టలేకపోతే బ్యాటర్ ఔట్, నిజమే. కానీ మూడో బంతిని క్యాచర్ పట్టాలి. పట్టకుండా వెనక్కి పోనిస్తే ఆ ఔటు పూర్తికాదు. బ్యాటర్ పరుగెత్తవచ్చు, మూలల్లో ఉన్నవాళ్ళూ పరుగెత్తవచ్చు.

వాళ్ళలో అందరికంటే బాగా కొట్టే అమ్మాయి వచ్చింది. మొదటి బంతికి గాలిని కొట్టింది. రెండోదానికీ అంతే. మేరె వేళ్ళతో సైగ చేసింది, పైకి లేచే బంతి వేయమని. రూతు తల అడ్డంగా ఊపింది. మేరె మళ్ళీ అదే సైగ చేసింది. రూతు మళ్ళీ కాదంది. తర్వాత చేతిలో బంతిని తిప్పి వేళ్ళు సర్దుకుంది. ఆ పట్టు నేను నేర్పిందే. దుప్పటి వదిలేసి లేచి నిలబడ్డాను.

వేసింది. నడుము ఎత్తులో తిన్నగా వచ్చింది. ఆ అమ్మాయి ఒళ్ళంతా పెట్టి బ్యాట్ తిప్పింది. అప్పటికే బంతి అక్కడ లేదు. నేలలోకి దిగిపోయింది. ఆ పిల్ల తిప్పిన ఊపుకు మోకాళ్ళ మీద పడిపోయింది. అంత అందమైన బంతి రూతు మా గ్రౌండ్‌లో కూడా ఎన్నడూ వేయలేదు.

మేరె దిగలేకపోయింది. బంతి ఆమె కాలి కవచానికి తగిలి పక్కకు ఎగిరి, కంచె దాకా దొర్లిపోయింది. మూడో మూలలోని అమ్మాయి పరుగెత్తి హోమ్ తొక్కింది. కిందపడ్డ పిల్ల లేచి తడబడుతూ మొదటి మూలకు చేరింది. అంతే, అయిపోయింది. రూతు చేతిలో చిత్తుగా ఓడిన ఆ పిల్లనే వాళ్ళు భుజాలకెత్తుకున్నారు.

రెండు జట్లవాళ్ళూ వరుసగా నిలబడి చేతులు కలుపుకున్నారు. గెలిచినవాళ్ళ కుటుంబాలు మావోరీలో ఒక పాట పాడాయి. ఫైనల్లో ఉత్తమ పిచ్చర్‌గా రూతుకు ఒక చిన్న కప్పు ఇచ్చారు. తీసుకుని ఎవరికో చెందినదాన్ని మోస్తున్నట్టు పట్టుకుంది.

మేరె బెంచీ మీద జాలీ తీయకుండా కూర్చుంది. నేను దగ్గరికి వెళ్తే లేచి నిలబడబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కూర్చుంది. "సారీ మేడం. అంత దూరం నుంచి వచ్చారు. అది నేను పట్టాల్సిన బంతి" అంది. జాలీ వెనక నుంచి నీళ్ళు గదవ మీదికి కారుతున్నాయి.

"అది ఎవరూ పట్టలేరు" అన్నాను నా ఇంగ్లీషులో. ఒకరు పట్టేవారని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. వాళ్ళమ్మ వచ్చి ఆమెను పొదివి పట్టుకుని తీసుకుపోయింది.

బెంచీ మీద నేను, రూతు మిగిలాం.

"వద్దని చెప్పిన కదనే" అన్నాను.

రూతు ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి హోమ్ వైపు చూస్తోంది.

"మేరె కనపడలె మేడం నాకు. నిజంగ. రెండుసార్లు తలకాయ ఊపినప్పటికి మేరెనే. తర్వాత మౌనిక కనపడ్డది. కూసున్నది ఆడ. చెయ్యి కిందికి పెట్టి చూపెట్టింది, డ్రాప్ వెయ్యమని. నేను మౌనికకు వేసిన మేడం."

అది విని నేను తనను దగ్గరికి తీసుకోవాలి. తీసుకోలేదు. నా బిడ్డ వచ్చింది. అక్కడే, నా కళ్ళముందే, ఆ జాలీ వెనకే కూర్చుంది. రూతుకు కనిపించింది. నేను సముద్రాలు దాటి వచ్చి, కన్నార్పకుండా ఏడు ఇన్నింగ్స్ చూస్తే నాకు కనిపించలేదు.

"మేరెకు చెప్పు" అన్నాను చివరికి. "తప్పు తనది కాదని చెప్పు."

"ఎట్ల చెప్పాలె మేడం? ఏమని చెప్పాలె?"

రూతు చెప్పలేదు. మేరె ఈ రోజుకీ తనే ఓడగొట్టానని అనుకుంటూ ఉంటుంది.

తిరుగు దారి

వచ్చిన దారినే తిరిగి వచ్చాం. మంచు కొండకు మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు. టౌపోలో ఆగుదామా అని సుధీర్ అడిగితే వద్దన్నాను. ఆ మోటెల్ ఆవిడ ఎదురుపడి, మీ అమ్మాయి ఎట్లా ఆడిందని అడుగుతుందేమోనని భయం. చీకటి పడకముందే ఇల్లు చేరదామని చెప్పాను.

హామిల్టన్ దాటాక రూతు అంది, "ఇగ పిచ్చింగ్ చెయ్య మేడం."

ఆటగత్తె ఓడినప్పుడు ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. కొన్ని వందలమంది పిల్లలకు చెప్పాను. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. సుధీర్ అద్దంలోంచి నావైపు చూశాడు, "మీరైనా చెప్పండి మేడం గారూ" అన్నట్టు. కిటికీ అద్దం కొంచెం దించాను, గాలి కోసం.

మర్నాడు పొద్దున్నే రూతు డ్యూటీకి పోయింది. తొంభై ఏళ్ళ ముసలమ్మలకు స్నానాలు చేయించాలి, మందులు ఇవ్వాలి. నేను వెళ్ళే రోజున ఎయిర్‌పోర్టులో నన్ను గట్టిగా పట్టుకుని, "మళ్ళ వస్తరా మేడం?" అంది. వస్తానన్నాను. రానని ఇద్దరికీ తెలుసు.

ఇల్లు

మా ఆయన బస్టాండుకు వచ్చారు. ఇంటికి చేరి, నేను స్నానం చేశాక ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. ప్రయాణం గురించి అడిగారు, చెప్పాను. గొర్రెలు, కొండ, సరస్సు, కొత్తిమీర ధర. మ్యాచ్ గురించి చెప్పాను. ఆయన కంచం ముందు కూర్చుని మెతుకులు కలుపుతూ వింటున్నారు. చెప్పాలా వద్దా అని కాసేపు ఊగి, చివరికి రూతు అన్న మాట కూడా చెప్పాను. ఆఖరి బంతి వేసేటప్పుడు రూతుకు మౌనిక కనిపించిందట అని.

ఆయన చెయ్యి ఆగిపోయింది. లేచి పోతారనుకున్నాను.

"ఎట్లున్నదట?" అన్నారు. "మంచిగనే ఉన్నదంటనా?"

ఆ మాట నేను రూతును అడగనే లేదు.